సోషల్ వర్క్ చదువు: ఎంతవుతుంది, ఏమొస్తుంది

(విశాఖపట్నంలో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులు, తల్లిదండ్రుల కోసం జరిగిన సమావేశంలో ఒక ఫీల్డ్‌వర్క్ సూపర్‌వైజర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

పిల్లలతోపాటు అమ్మానాన్నలు కూడా వచ్చారు. చాలా మంచిది. ఈ చదువు గురించి అసలైన ప్రశ్నలు అడిగేది వాళ్లే. కిందటేడు అడ్మిషన్ల రోజుల్లో పద్మనాభం వైపు నుంచి కూతుర్ని వెంటబెట్టుకొచ్చిన ఒక తండ్రి నన్ను ఆపి అడిగారు: "ఏటమ్మా ఈ సదువు? మనుసులికి సాయం సెయ్యడానికి రెండేళ్లు సదవాలేటి? ఎంతవుద్ది? సదివేక ఏటొస్తాది?" ఆయన కౌలు రైతు. ఆ ఇంట్లో డిగ్రీ దాటబోతున్న మొదటి మనిషి ఆ అమ్మాయి. ఆయన అడిగినదాంట్లో తీసిపారెయ్యాల్సిన మాట ఒక్కటి లేదు. ఇవాళ నేను చెప్పేదంతా ఆయనకి ఇవ్వాల్సిన జవాబే.

నేను ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఎం.ఎస్.డబ్ల్యూ., అంటే సోషల్ వర్క్‌లో రెండేళ్ల పీజీ, చదివాను. ఆసుపత్రుల్లో, పిల్లల హోముల్లో పనిచేశాను. ఇప్పుడు రకరకాల కాలేజీల నుంచి ఫీల్డ్‌వర్క్‌కి, అంటే సంస్థల్లో పని నేర్చుకోడానికి వచ్చే విద్యార్థులకు సూపర్‌వైజర్‌గా ఉంటున్నాను. వాళ్లలో ఎవరు ఎక్కడ తేలారో, ఎవరు ఎందుకు మానేశారో కళ్లారా చూస్తూ వచ్చాను.

ఎంతవుతుంది అని అడిగితే అందరూ ఫీజు చెబుతారు. ఫీజు చెప్పడం తేలిక. కానీ చదువయ్యాక మొదటి నాలుగైదేళ్లు చేతికొచ్చే జీతమెంతో తెలియకుండా, ఎంత ఫీజు కట్టొచ్చో ఎవరూ తేల్చలేరు. అందుకని లెక్క వెనక నుంచి వేద్దాం. ముందు జీతం, తర్వాత ఖర్చు.

పిల్లల రక్షణ కోసం కేంద్రం నడిపే పథకం పేరు మిషన్ వాత్సల్య. ప్రతి జిల్లాలోనూ దీని కింద బాలల రక్షణ విభాగం ఉంటుంది. ఇల్లు వదిలి రైలెక్కి వైజాగ్ స్టేషన్లో దిగిన పిల్లాడి దగ్గర్నుంచి, పెళ్లి పీటల మీద నుంచి లేపి తీసుకొచ్చిన పదిహేనేళ్ల పిల్ల దాకా అందరి కేసులూ వీళ్ల దగ్గరికే వస్తాయి. అక్కడ సోషల్ వర్కర్‌కి, కౌన్సెలర్‌కి మార్గదర్శకాల్లో రాసిన నెల జీతం 18,536 రూపాయలు. ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి 27,804. ఊళ్లు తిరిగే అవుట్‌రీచ్ వర్కర్‌కి 10,592. జిల్లా అధికారికి 44,023. ఇవన్నీ కాంట్రాక్టు ఉద్యోగాలే. ఏడాదికోసారి రెన్యువల్ అవ్వాలి. బడ్జెట్ విడుదల ఆలస్యమైతే జీతమూ ఆలస్యమే.

అమ్మానాన్నలు ఈ 18,536 అనే అంకె గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వం కాగితం మీద రాసిన అంకె ఇది. స్వచ్ఛంద సంస్థల్లో ఇంతకంటే తక్కువకి చేరినవాళ్లు నా విద్యార్థుల్లోనే ఉన్నారు, ఎక్కువకి చేరినవాళ్లూ ఉన్నారు. విదేశీ నిధులు, పెద్ద ఫౌండేషన్ల నిధులు ఉన్నచోట జీతం బాగుంటుంది. ప్రాజెక్టు మూడేళ్లయితే ఉద్యోగమూ మూడేళ్లే.

ఇప్పుడు అప్పు సంగతి. ఎవరో ఒకాయన ప్రైవేటు యూనివర్సిటీలో చేర్చడానికి తన అమ్మాయి పేరు మీద నాలుగు లక్షలు ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నారనుకుందాం. వడ్డీ పది శాతం, ఏడేళ్లలో తీర్చాలి. నెలకి వాయిదా సుమారు 6,640 రూపాయలు పడుతుంది. చదువుకున్న కాలానికి పెరిగిన వడ్డీ ఇందులో కలపలేదు, అది అదనం. 18,536లో 6,640 తీసేస్తే చేతిలో మిగిలేది పన్నెండు వేల లోపు. అందులో మద్దిలపాలెంలోనో ఇసుకతోటలోనో లేడీస్ హాస్టల్‌కి కట్టాలి, ఫోను, బస్సు, ఒంట్లో బాగోకపోతే మందులు, పండక్కి ఇంటికెళ్తే తమ్ముడికో చొక్కా. ఇంటికి పంపడానికి ఏం మిగులుతుంది? ఇలా అప్పుతో చదివిన పిల్ల ఎంత మంచి సోషల్ వర్కరైనా రెండో ఏడాదికల్లా ఏదో ఒక బ్యాంకు కోచింగ్‌లో కూర్చుంటుంది. కూర్చున్నవాళ్లని చూశాను. అదే పిల్ల అప్పు లేకుండా చదివుంటే నిలబడేది. వాయిదా భయం ఆమెని వెళ్లగొట్టింది. మంచి మనసున్నవాళ్లు ఈ రంగం వదిలిపోవడానికి నాకు కనిపించిన అతి పెద్ద కారణం ఇదే.

కాబట్టి సూటిగా చెబుతాను. సోషల్ వర్క్‌ని అప్పు చేసి చదవకండి. ప్రభుత్వ యూనివర్సిటీ క్యాంపస్‌లో రెగ్యులర్ సీటు కోసం గట్టిగా ప్రయత్నం చెయ్యండి. దానికి ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు అది రెగ్యులర్ సీటా, ఫీజు ఎక్కువుండే సెల్ఫ్ ఫైనాన్స్ సీటా చూసుకుని పెట్టాలి. ఒకే క్యాంపస్‌లో, ఒకే గోడల మధ్య ఈ రెండు రకాలూ ఉండొచ్చు, ఫీజు మాత్రం ఒకటి కాదు. తొందరలో క్లిక్ చేసి, సీటు అలాట్ అయ్యాక ఏడ్చినవాళ్లున్నారు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి ఒక మాట. 2020 డిసెంబరులో జీవో 77 వచ్చింది. దాంతో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్లకి రీయింబర్స్‌మెంట్ పోయింది, యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీల్లో చదివేవాళ్లకి ఉంది. ఆ జీవో ఎత్తెయ్యాలని విద్యార్థి సంఘాలు అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నాయి. మీరు చేరే ఏడాదికి ఏ ఉత్తర్వు అమల్లో ఉందో కాలేజీ ఏజెంటు మాట మీద నమ్మకండి. ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల వెబ్‌సైట్ జ్ఞానభూమి పోర్టల్‌లో చూడండి, సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసుకెళ్లి అడగండి. "ఫీజు మేం చూసుకుంటాం, మీరు సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్లండి" అన్నారంటే జాగ్రత్త. రీయింబర్స్‌మెంట్ డబ్బు రాలేదని టీసీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపేసిన సందర్భాలు మన రాష్ట్రంలో కోకొల్లలు. ఉద్యోగం చేతికొచ్చాక సర్టిఫికెట్ లేక చేరలేకపోవడం కంటే ఘోరం ఉండదు.

ఇక ఫీజు కాని ఖర్చు. బయటివాళ్లకి ఇది అస్సలు తెలియదు. ఎం.ఏ. చరిత్రో, తెలుగో చదివేవాడు క్లాసుకొచ్చి, లైబ్రరీకెళ్లి, హాస్టల్‌కి పోతాడు. ఎం.ఎస్.డబ్ల్యూ. విద్యార్థికి వారంలో రెండు రోజులు ఫీల్డ్‌వర్క్. ఒక సెమిస్టర్ అరిలోవలో, ఇంకో సెమిస్టర్ గాజువాక అవతల, మరోసారి కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రిలో. పొద్దున్నే హాస్టల్ మెస్‌లో టిఫిన్ పెట్టకముందే బయల్దేరాలి. మధ్యాహ్నం భోజనం బయటే. ఆ మీద రూరల్ క్యాంపు, చివర్లో నెల రోజులు ఒకే సంస్థలో రోజూ పనిచేసే బ్లాక్ ప్లేస్‌మెంట్, డిసర్టేషన్ అనే పరిశోధన వ్యాసానికి సర్వే తిరుగుళ్లు, టైపింగ్, బైండింగ్. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆడపిల్లలకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఈ పథకం గురించి ఎవరేమన్నా సరే, ఫీల్డ్‌వర్క్ చేసే ఆడపిల్లకి అది నెలనెలా చేతిలో మిగిలే డబ్బు. మగపిల్లలు మాత్రం బస్ పాస్ తీసుకోవాలి.

ఇంకొకటుంది. ఫీల్డ్‌వర్క్ ఉన్నందువల్ల పక్కన ఏదైనా పని చేసుకుంటూ చదవడం చాలా కష్టం. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి రాత్రి పన్నెండు దాకా బండి మీద ఫుడ్ డెలివరీ చేసేవాడు. పొద్దున్న తొమ్మిదికి హోములో పిల్లల ముందు కూర్చునేవాడు. కళ్లు మూతలు పడుతుంటే పిల్లలే "అన్నా, పడుకో" అనేవారు. ఆ అబ్బాయి మంచి కుర్రాడు. వాడి ఓపికని చూసి మెచ్చుకుని ఊరుకోవడం నాకు న్యాయంగా అనిపించలేదు. ఇంజనీరింగ్ పిల్లలు ఇంటర్న్‌షిప్‌కి వెళ్తే కంపెనీలు స్టైపెండ్ ఇస్తాయి. హౌస్‌సర్జన్లకి ప్రభుత్వం ఇస్తుంది. సోషల్ వర్క్ విద్యార్థి రెండేళ్లపాటు హోముల్లో, ఆసుపత్రుల్లో, వాడల్లో చేసే పనికి పైసా రాదు సరికదా, బస్సు ఛార్జీ కూడా సొంతంగా పెట్టుకోవాలి. మా దగ్గర సిబ్బంది తక్కువగా ఉన్న రోజున ఆ పిల్లల మీదే వార్డు నడుస్తుంది. కనీసం ప్రయాణం, మధ్యాహ్నం భోజనం ఖర్చు ఇవ్వాలని నేను అడగని మీటింగ్ లేదు. ఇక్కడా అడుగుతున్నాను. సంస్థలు నడిపేవాళ్లు ఈ హాల్లో కొందరున్నారు. విద్యార్థిని పంపమని యూనివర్సిటీకి ఉత్తరం రాసేటప్పుడు ఆ ఉత్తరంలోనే ఈ లైను కూడా రాయండి.

బయటి రాష్ట్రాలకి వెళ్లడం గురించి పిల్లలు అడుగుతుంటారు. ముంబైలో 1936లో సర్ దొరాబ్జీ టాటా పేరుతో మొదలైన స్కూలే ఇవాళ్టి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. మన దేశంలో ఈ చదువు పుట్టింది అక్కడే. పేరుంది, పరిచయాలు దొరుకుతాయి, మొదటి జీతం తేడాగా ఉంటుంది. ఖర్చు కూడా అలాగే ఉంటుంది. 2018లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ స్కాలర్‌షిప్ విద్యార్థులకి ఫీజు సాయం తీసేశారని అక్కడి పిల్లలు సమ్మె చేశారు, హైదరాబాద్ క్యాంపస్‌లో కూడా చేశారు. దీన్నిబట్టి నేను చెప్పేదేమిటంటే, పెద్ద సంస్థలో చేరేముందు స్కాలర్‌షిప్ ట్యూషన్‌కి మాత్రమేనా, హాస్టల్‌కి, మెస్‌కి కూడానా అని రాతపూర్వకంగా కనుక్కోండి. పీఎం విద్యాలక్ష్మి అని 2024లో వచ్చిన పథకం ఉంది. ర్యాంకింగుల్లో పైనున్న సంస్థల్లో సీటొస్తే, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే, 10 లక్షల దాకా లోను మీద 3 శాతం వడ్డీ రాయితీ వస్తుంది. వడ్డీ తగ్గుతుంది సరే, అసలు కట్టక తప్పదు. నేను ఇందాక వేసిన లెక్క మర్చిపోవద్దు.

ఇగ్నో దూరవిద్యలో కూడా ఎం.ఎస్.డబ్ల్యూ. ఉంది. విశాఖలో రీజనల్ సెంటర్ ఉంది. ఇప్పటికే ఏదో ఒక సంస్థలో పనిచేస్తూ డిగ్రీ కావాల్సినవాళ్లకి అది మంచి దారి. కొత్తగా ఈ రంగంలోకి వచ్చే పిల్లలకి మాత్రం క్యాంపస్సే చెబుతాను. పక్కన కూర్చుని కేసు గురించి వాదించే స్నేహితులు ఇంట్లో పుస్తకం ముందు దొరకరు.

సరే, చదివేక ఏటొస్తాది?

ఇక్కడ కొంచెం నిదానంగా వినండి. సోషల్ వర్క్‌లో ఉద్యోగం ఎక్కడుందో తెలుసుకోవాలంటే చట్టాలు చదవాలి. ఏ చట్టం ఏ మనిషి ఉండాలని రాసిందో చూడాలి. జువెనైల్ జస్టిస్ చట్టం 2015 చూడండి. నేరం చేశాడని పట్టుకొచ్చిన పిల్లాడి కేసు వినే బోర్డులో మేజిస్ట్రేటు పక్కన ఇద్దరు సోషల్ వర్కర్లు కూర్చోవాలి, వాళ్లలో ఒకరైనా స్త్రీ అయ్యుండాలి. దిక్కులేని పిల్లల విషయం చూసే చైల్డ్ వెల్ఫేర్ కమిటీలో ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. ఆ పిల్లాడి ఇంటి పరిస్థితి మీద సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టు ఎవరో ఒకరు వెళ్లి రాసుకురావాలి. గృహహింస చట్టం 2005 ప్రొటెక్షన్ ఆఫీసర్ ఉండాలంది. 1975 అక్టోబరు 2న మొదలైన, అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకంలో సూపర్‌వైజర్ పోస్టుకి హోమ్ సైన్స్, సోషియాలజీతోపాటు సోషల్ వర్క్ డిగ్రీని కూడా అర్హతగా పెట్టారు. హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రాలున్నాయి, ఎయిడ్స్ నియంత్రణ కింద కౌన్సెలర్లున్నారు, మెడికల్ కాలేజీల్లో మెడికల్ సోషల్ వర్కర్లున్నారు.

ఫ్యాక్టరీల వైపు చూస్తే, 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మంది, అంతకు మించి కార్మికులున్న చోట వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని రాసింది. 2020లో పార్లమెంటు చేసిన కొత్త కార్మిక కోడ్‌లో ఆ సంఖ్య 250కి దిగింది. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, గాజువాక చుట్టూ ఉన్న యూనిట్లు లెక్కేసుకోండి, మన విశాఖకి ఇది చిన్న మార్పు కాదు. అందుకే మన పిల్లల్లో చాలామంది లేబర్ వెల్ఫేర్, హెచ్ఆర్ వైపు వెళ్తారు. క్యాంపస్‌లో ఎం.హెచ్.ఆర్.ఎం. అని హెచ్ఆర్ పీజీ వేరే కోర్సుగానే ఉంది. హెచ్ఆర్‌కే వెళ్లాలని ముందే అనుకున్నవాళ్లు అదే చదవడం మేలు. కంపెనీల చట్టం 2013 లోని 135వ సెక్షన్ వల్ల సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత ఉద్యోగాలు వచ్చాయి. నికర విలువ 500 కోట్లో, టర్నోవర్ 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. జీతాలు మిగతా చోట్ల కంటే మెరుగు. అయితే చాలా చోట్ల ఆ పని బడి గోడలకి రంగులు, ప్రారంభోత్సవం ఫొటోల దగ్గర ఆగిపోతోంది. అందులోకి వెళ్లేవాళ్లు వాడలో మనుషులతో కూర్చునే అలవాటు పోగొట్టుకోవద్దని కోరుకుంటాను.

మానసిక ఆరోగ్యం సంగతి వేరుగా చెప్పాలి. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017 సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే ఎవరో నిర్వచించింది. ఎం.ఎస్.డబ్ల్యూ. ఒక్కటే చాలదు, దాని మీద రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎం.ఫిల్. ఉండాలి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి పెట్టింది పేరు, అక్కడ స్టైపెండ్ కూడా ఇస్తారు. యూజీసీ 2022 నిబంధనలతో ఎం.ఫిల్. డిగ్రీలు ఆపేసింది. ఈ కోర్సుకి, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా అడ్మిషన్లకి వెసులుబాటు ఇచ్చింది. అందుకని ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు సీనియర్లు చెప్పింది పట్టుకుని కూర్చోకుండా, తాజా ప్రకటన చూసి నడవాలి. చినవాల్తేరు మానసిక వైద్యశాలకి ఉత్తరాంధ్ర అంతా వస్తుంది. మందులు రాసే డాక్టర్ తర్వాత ఆ కుటుంబంతో మాట్లాడేవాళ్లు ఎంతమంది కావాలో అక్కడ ఒక్క ఓపీ రోజు బెంచీ మీద కూర్చుంటే తెలుస్తుంది.

ఇన్ని చట్టాల్లో ఇన్ని చోట్ల మనిషి పేరు రాసుంది. మరి జీతం ఎందుకు 18,536 దగ్గర ఉంది? నాకు కనిపించిన కారణాలు చెబుతాను. లాయర్‌కి బార్ కౌన్సిల్ ఉంది, నర్సుకి కౌన్సిల్ ఉంది. సోషల్ వర్కర్‌కి దేశం మొత్తానికీ అలాంటి చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. ఏ డిగ్రీ చదివినవాళ్లనైనా "సోషల్ వర్కర్" కుర్చీలో కూర్చోబెట్టొచ్చు. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం షెడ్యూల్లో మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లని చేర్చారు. అది ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకి ఒక మెట్టు. బాలల రక్షణలో, మహిళల రక్షణలో ఉన్నవాళ్లకి ఆ మెట్టు కూడా లేదు. పైగా ఈ పనిని ఇప్పటికీ పుణ్యం కింద చూస్తారు. పుణ్యానికి జీతమేమిటి అనుకుంటారు. మెగా డీఎస్సీలో 16,347 టీచర్ పోస్టులకి నోటిఫికేషన్ వస్తే ఊరూరా పండగ చేసుకున్నాం, చేసుకోవాలి కూడా. సోషల్ వర్కర్లకి రెగ్యులర్ పోస్టుల నోటిఫికేషన్ కోసం ధర్నా చౌక్‌లో కూర్చున్నవాళ్లని మీరెప్పుడైనా చూశారా? టీచర్లు సంఘం కట్టి దశాబ్దాలపాటు కొట్లాడి సాధించుకున్నారు. మనవాళ్లు అందరి హక్కుల కోసం అర్జీలు రాస్తారు, తమ జీతం కోసం గొంతెత్తరు. ఎత్తాలి.

ఇప్పుడు ఆ తండ్రి మొదటి ప్రశ్న. సాయం చెయ్యడానికి రెండేళ్లు చదవాలా?

కేజీహెచ్ పిల్లల వార్డులో జరిగింది చెబుతాను. ముంచింగిపుట్టు వైపు కొండ గ్రామం నుంచి ఒక తల్లి ఏడు నెలల బిడ్డని తీసుకొచ్చింది. న్యుమోనియా. మూడో రోజుకి బిడ్డ కొంచెం తేరుకుంటోంది. ఆమె మాత్రం మూట కట్టేసుకుని వెళ్లిపోతానంటోంది. స్టాఫ్ నర్స్ కోప్పడింది, డాక్టర్ నచ్చజెప్పారు. "చెప్తే అర్థం చేసుకోదు" అన్నారు. మా ఫీల్డ్‌వర్క్ అమ్మాయి, ఎం.ఎస్.డబ్ల్యూ. రెండో సెమిస్టర్, ఆమె పక్కన నేల మీద కూర్చుంది. వెళ్లొద్దని ఒక్కసారి కూడా అనలేదు. "అక్కా, నిన్న రాత్రి ఏం తిన్నావు?" అని అడిగింది. ఆమె జవాబు చెప్పలేదు. మంచం కింద బిస్కెట్ ప్యాకెట్ కాగితం ఒకటే ఉంది. కాసేపటికి మాటల్లో తేలింది. బిడ్డ పాలు తాగే వయసు కాబట్టి బిడ్డ పేరు మీద భోజనం రావడం లేదు, తనకీ పెడతారని ఆమెకి తెలీదు, అడగడానికి తెలుగు సరిగా రాదు. వెంట వచ్చిన మరిది డబ్బు తెస్తానని వెళ్లి తిరిగి రాలేదు. ఇంటి దగ్గర ఇంకో బిడ్డ ముసలమ్మ దగ్గరుంది. రేషన్ కార్డు మరిది సంచిలో ఉంది. ఆ కార్డు లేకపోతే ఆరోగ్యశ్రీ కాగితం కదిలేది కాదు.

ఆ అమ్మాయి డైట్ సెక్షన్లో అడిగి ఆమెకి భోజనం ఏర్పాటు చేయించింది. గిరిజన రోగుల కోసం ఆసుపత్రిలో ఎస్టీ సెల్ ఉంది, అక్కడికి తీసుకెళ్లి ఆమె భాష వచ్చిన మనిషితో మాట్లాడించింది. వాళ్ల ద్వారా ఊళ్లో ఆశా కార్యకర్తకి ఫోన్ చేయిస్తే, ముసలమ్మ దగ్గరున్న బిడ్డ బాగానే ఉన్నాడన్న మాట ఈ తల్లి చెవిన పడింది. మరిది ఫోటో తీసి పంపిన కార్డుతో, ఆసుపత్రిలో ఆ పథకం చూసే ఆరోగ్యమిత్ర కాగితం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం ఆమె మూట విప్పింది. బిడ్డ కోర్సు పూర్తయ్యేదాకా ఉన్నారు.

మంచి మనసుంటే చాలు, ఇదంతా ఎవరైనా చేస్తారు అంటారా? ఆ వార్డులో మంచి మనసులు లేక కాదు. డాక్టర్ మంచివాడే, నర్సు మంచిదే, ఇద్దరూ అరవై మంది మధ్య పరుగెడుతున్నారు. ముందు తిండి అడగాలని, భాష వచ్చిన మనిషిని వెతకాలని, ఇంటి దగ్గరున్న బిడ్డ సంగతి తేలందే ఈ తల్లి మనసు ఇక్కడ నిలవదని తెలియడం చదువు. ఏ కిటికీ దగ్గర ఏ కాగితం కదులుతుందో తెలియడం చదువు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకైనప్పుడు 12 మంది చనిపోయారు, వందల మందిని ఆసుపత్రులకి తెచ్చారు. అలాంటి రోజున ఊపిరి సంగతి డాక్టర్ చూస్తారు. ఈ పిల్లాడి తల్లి ఏ వార్డులో ఉంది, పరిహారానికి ఈ కుటుంబం ఏ కాగితాలు దాచుకోవాలి, నెల తర్వాత రాత్రిళ్లు నిద్రపట్టని ఈ మనిషిని ఎవరి దగ్గరికి పంపాలి అన్నది చూడ్డానికి శిక్షణ ఉన్న మనిషి కావాలి.

ఆ శిక్షణ ఎలా ఉంటుందో కూడా చెబుతాను. ప్రతి ఫీల్డ్‌వర్క్ రోజు తర్వాత రిపోర్టు రాయాలి. మొదట్లో అందరూ "క్లయింట్‌కి కౌన్సెలింగ్ ఇచ్చాను, ఆమె సంతృప్తి చెందింది" అని రాస్తారు. నేను దాని కింద గీత గీసి వెనక్కిస్తాను. ఆమె ఏమంది? ఆమె మాటల్లోనే రాయి. నువ్వేమన్నావు? నువ్వు అన్నాక ఆమె చూపు ఎటు తిప్పుకుంది? ఎంతసేపు మాట్లాడలేదు? ఆ మౌనంలో నువ్వు ఎందుకు కంగారుపడి సలహా ఇచ్చేశావు? ఇలా మళ్లీ మళ్లీ రాయించగా రాయించగా మూడో సెమిస్టర్‌కి పిల్లలకి వినడం వస్తుంది. వాళ్ల రిపోర్టుల్లో తమ మాటలు తగ్గి, ఎదుటి మనిషి మాటలు పెరుగుతాయి. అది చూసిన రోజున నాకు కలిగే తృప్తి చెప్పలేను.

అందుకని కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగ్ చూడకండి. అక్కడ ఫీల్డ్‌వర్క్ నిజంగా జరుగుతుందా అని సీనియర్లని అడగండి. వారానికోసారి సూపర్‌వైజర్ కూర్చోబెట్టి మాట్లాడతారా? రిపోర్టులు దిద్దుతారా, టిక్కు పెట్టి ఇస్తారా? సంతకాల కోసం ఒక లెటర్‌ప్యాడ్ సంస్థకి పంపి అటెండెన్స్ వేయించే చోట చదివితే, ఫీజు ఎంత తక్కువైనా డబ్బు దండగ. ఇంటర్వ్యూలో "నువ్వు చేసిన ఒక కేసు చెప్పు" అంటారు. అక్కడ తెలిసిపోతుంది.

చదివి వేరే దారిన వెళ్లినవాళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. వార్డు సచివాలయంలో చేరినవాళ్లున్నారు, గ్రూప్స్ కొట్టినవాళ్లున్నారు, నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్‌తో పీహెచ్‌డీకి వెళ్లినవాళ్లున్నారు. జేఆర్ఎఫ్ ఇప్పుడు నెలకి 37,000, ఈ రంగంలో మొదటి ఉద్యోగానికి రెట్టింపు. సచివాలయంలో పింఛను ఆగిపోయిన ముసలాయన గోడు ఓపిగ్గా వినే మనిషి ఎం.ఎస్.డబ్ల్యూ. చదివినవాళ్లయితే ఆ చదువు వృథా పోయిందని నేను అనుకోను.

టైమ్ అయిందంటున్నారు. ప్రశ్నలుంటే తీసుకుంటాను.

(ఒక తల్లి: మేడమ్, మా పాపకి క్యాంపస్‌లో సీటు రాకపోతే ప్రైవేటులో చేర్చమంటారా, ఏడాది ఆగమంటారా?)

అమ్మా, ముందు ఆ ప్రైవేటు కాలేజీ రెండేళ్ల మొత్తం ఫీజు కాగితం మీద రాయించుకురండి. పరీక్ష ఫీజు, క్యాంపు ఫీజు, డిసర్టేషన్ ఫీజు అన్నీ కలిపి. అప్పు లేకుండా కట్టగలిగితే, ఫీల్డ్‌వర్క్ బాగుందని సీనియర్లు చెబితే చేర్చండి. అప్పు చెయ్యాల్సొస్తే ఈ ఏడాది చేర్చకండి. ఊరికే ఇంట్లో కూర్చోమని కాదు. పిల్లల హోములో, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098లో, ఏదైనా సంస్థలో అవుట్‌రీచ్ పనికి పంపండి. పదివేలొచ్చినా రానివ్వండి. ఈ పని తనకి పడుతుందో లేదో ఏడాదిలో తనకే తెలుస్తుంది. పక్కన పీజీసెట్ చదువుకుంటుంది.

(ఒక విద్యార్థి: మగవాళ్లకి ఈ రంగంలో అవకాశాలు తక్కువంటారు, నిజమేనా మేడమ్?)

కొన్ని చోట్ల నిజమే బాబూ. సఖి కేంద్రంలో, ఆడపిల్లల హోముల్లో స్త్రీలనే తీసుకుంటారు, తీసుకోవాలి కూడా. కానీ మగపిల్లల హోములు, మద్యం మాన్పించే కేంద్రాలు, ఫ్యాక్టరీలు, మత్స్యకారుల వాడలు, వలస కూలీల శిబిరాలు ఉన్నాయి. అక్కడ మగ సోషల్ వర్కర్ కోసం వెతుకుతున్నారు, దొరకడం లేదు. జాలారిపేటలో తాగుడు మానాలనుకునే మనిషి ఒక కుర్రాడి దగ్గర చెప్పుకునే మాట నా దగ్గర చెప్పుకోడు. నీకు తెలుగు, హిందీ వచ్చా? కొంచెం ఒడియా కూడా నేర్చుకో. అచ్యుతాపురం వైపు కూలీల్లో సగం మాటలు హిందీ, ఒడియాల్లోనే వినపడతాయి.

(ఒక తండ్రి: స్కాలర్‌షిప్‌కి ఎప్పుడు అప్లై చెయ్యాలమ్మా?)

సీటు అలాట్ అయ్యాక కాలేజీలో రిపోర్ట్ చేసిన వారంలోపే. ఆదాయ ధ్రువీకరణ పత్రం, కుల ధ్రువీకరణ పత్రం ఇప్పుడే సచివాలయంలో పెట్టండి. పాప బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకయిందో లేదో చూసుకోండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు స్పెల్లింగ్ ఒకటే ఉందా? తేడా ఉంటే ఈ నెలలోనే మార్పించండి, అడ్మిషన్ల టైములో ఆధార్ సెంటర్ల దగ్గర లైన్లు ఉంటాయి. కాగితాలు తెచ్చుంటే ఇటు రండి, ఇప్పుడే చూసి చెబుతాను.